ఎండ అరుగు

ఇల్లు, ముందు గది
నవంబరు 6

చిట్టితల్లికి నాన్న రాస్తున్నది.

నీ ఉత్తరం చేరింది. గుండ్రాయి కూడా చేరింది. ముందు ఏది విప్పాలో తెలియక రెండూ చెరో చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను. తెచ్చిన కండక్టరు, "అయ్యా, ఆ డబ్బా కింద పెట్టండి, అందులో ప్రాణం ఉంది" అన్నాడు. రెండో చేతిలో ఉన్నదాంట్లో మాత్రం లేదా అందామనుకున్నాను. వీధి మలుపులో బస్సు ఆపి వచ్చాడు పాపం, వెళ్లిపోయాడు.

తొమ్మిదేళ్లమ్మా. కవరు చూడగానే ఎవరు రాశారా అన్న అనుమానం ఒక్క క్షణం కూడా రాలేదు. ఇంటి నంబరు కింద రెండు గీతలు గీయడం నీ బడిరోజుల అలవాటు. ఆ గీతలు చూసి కుర్చీ లాక్కుని కూచున్నాను. పక్కింటి కరెంటాయన గోడ మీంచి తొంగి చూసి, "ఏం మేస్త్రీ, ఒంట్లో బాగాలేదా" అన్నాడు. బాగుంది, ఇంత బాగా ఎప్పుడూ లేదు అన్నాను. నమ్మలేదు. డాక్టర్ని పిలవమంటావా అని రెండుసార్లు అడిగాడు.

ఉత్తరంలో ఆరు వాక్యాలున్నాయి. ఆరూ తాబేలు గురించే. "నాన్నగారికి" అని మొదలెట్టి "మీరు" అని రాశావు. చిన్నప్పుడు నన్ను నువ్వు అనేదానివి, పిల్లకి మర్యాద నేర్పలేదేమని వీధిలోవాళ్లు మీ అమ్మని దెప్పేవాళ్లు. ఇప్పుడు నేర్చుకున్నావన్నమాట. ఫరవాలేదు. మీరు అన్నా సరే, మేస్త్రిగారూ అన్నా సరే, రాశావు. నాకు అదే చాలు.

గది మారుతున్నావనీ, కొత్తచోట జంతువుల్ని ఉంచనివ్వరనీ, కొన్నాళ్లు దీన్ని చూసుకోమనీ అన్నావు. చూసుకుంటాను. ఫోన్ చెయ్యొద్దన్నావు. చెయ్యను. ఏదైనా ఉంటే బస్టాండు విచారణ గదికి రాయమన్నావు. అక్కడికే రాస్తున్నాను.

మీ అమ్మ దీన్ని కొనుక్కొచ్చిన రోజు చొక్కా గుండీ అంత ఉండేది, జ్ఞాపకముందా. ఇప్పుడు పళ్లెమంత అయింది. గుండ్రాయి అని పేరు పెట్టింది ఆవిడే. పిలిస్తే పలకదు, తోస్తే కదలదు, అచ్చం మీ నాన్నే అనేది. నువ్వు ఇల్లు వదిలి వెళ్లిన రోజు ఇంట్లోంచి ఇంకేమీ తీసుకెళ్లలేదు, దీన్ని తప్ప. ఇన్నేళ్లకి మళ్లీ అదే అద్దాల తొట్టి, అదే మూల, అదే కిటికీ కింద. దింపగానే నా వైపు చూసి తల లోపలికి లాక్కుంది. కోపం ఉండకుండా ఎలా ఉంటుంది, ఉండనీ.

పాత ప్లాస్టిక్ అరుగు దాని బరువుకి విరిగిందని రాశావు. అరుగు లేకపోతే ఎండ తగలదు, ఒళ్లు ఆరదు, డిప్ప మెత్తబడి కుళ్లుతుంది. అరుగు పూర్తిగా నీటికి పైన ఉండాలి. ఎక్కే దారి ఏటవాలుగా, గరుకుగా ఉండాలి. కింద అది దూరి ఇరుక్కునే సందు ఉండకూడదు. పైన దీపం జానెడున్నర ఎత్తులో వేలాడాలి. చూశావా, నీ కాగితం చూడకుండా రాశాను.

నలభై ఏళ్లు తాపీ పట్టినవాణ్ని. ఎంతమందికి ఎన్ని అంతస్తులు కట్టానో నాకే గుర్తులేదు. నా కూతురు నన్ను ఒక పని అడగడం ఇదే మొదలు. ఇటుకలు అప్పుడే నీళ్లలో వేశాను. సిమెంటు పెరట్లో ఒక సంచీ ఉంది. రసమట్టం పెట్టి మరీ కడతాను, నీ గుండ్రాయి అరుగు మీద కూచుంటే అటు ఇటు వెంట్రుకంత ఒరగకూడదు.

ఇంకా చాలా ఉంది గానీ కాగితం అయిపోయింది. జవాబు రాస్తే సంతోషం. రాయకపోయినా సంతోషమే, ఈ ఒక్కటీ ఉందిగా.

మీ నాన్న


బస్టాండు విచారణ గది
నవంబరు 11

నాన్నగారికి,

మీ ఉత్తరం అందింది. సిమెంటుతో కడతానని రాశారు. పచ్చి సిమెంటు నీళ్లలోకి సున్నం వదులుతుందని మీకు నేను చెప్పక్కర్లేదు. కట్టాక తొట్టి నిండా నీళ్లు పోసి, రోజూ పారబోసి మళ్లీ నింపుతూ, మూడు వారాలు నాననివ్వండి. ఆ తరవాతే దాన్ని దింపండి. అంతదాకా వెడల్పాటి టబ్బులో ఉంచి, రోజూ గంటసేపు పొడి గుడ్డ మీద పెట్టి దీపం వెయ్యండి.

తొందరపడకండి. దానికి తొందరలేదు.

నా ఆరోగ్యం అడగలేదు, మంచిది. ఇక్కడ పని ఎక్కువగా ఉంది. రోజుకి మూడువందల బస్సులు. ఉత్తరాలకి వెంటనే జవాబు రాకపోతే ఏమీ అనుకోవద్దు.

కూతురు


ఇల్లు, తొట్టి పక్కన
నవంబరు 20

చిట్టితల్లికి,

రెండో ఉత్తరం. కరెంటాయనకి చూపించాను, చదవనివ్వలేదు, పైపైన చూపించానంతే. "నా కొడుకు పక్క వీధిలో ఉంటాడు, వాడు నాకు ఒక్కటీ రాయలేదు" అన్నాడు. పక్క వీధివాడు ఉత్తరమెందుకు రాస్తాడయ్యా అంటే, "రాయొచ్చుగా" అని ముఖం ముడుచుకున్నాడు. నీ ఉత్తరాల వల్ల వీధిలో నా పరపతి పెరిగింది.

అరుగు సంగతి. నువ్వు మూడు వారాలు ఆగమన్న ఉత్తరం నాకు చేరేసరికే గుండ్రాయిని తొట్టిలోకి దింపేశాను. నాలుగు రోజులు నానబెట్టాను. నువ్వు కంగారు పడకు, ఏం కాలేదు. అంతా బ్రహ్మాండంగా ఉంది.

అరుగు నువ్వు చూడాలి. ఆరు ఇటుకలు, మీద నున్నటి పూత, అంచు గుండ్రంగా తిప్పాను, దానికి పొట్ట గీరుకోకుండా. ఎక్కే దారి పచ్చిగా ఉన్నప్పుడే చీపురుతో గీతలు గీశాను, గోళ్లు పట్టడానికి. కింద సందు లేదు, మొత్తం నిండు కట్టుబడి. దీపం కరెంటాయన పెట్టాడు, గొలుసుకి వేలాడదీసి, ఎత్తు తగ్గించుకోడానికి, పెంచుకోడానికి ఒక కొక్కెం కూడా తగిలించాడు. "జానెడున్నర అంటే నా జానా, మీ అమ్మాయి జానా" అని అడిగాడు. చివరికి నీ చెయ్యి ఎంత ఉండేదో గుర్తు తెచ్చుకుని, ఇప్పుడు ఎంత పెరిగి ఉంటుందో ఇద్దరం వాదించుకుని, మధ్యలో పెట్టాం.

గుండ్రాయి రాజాలా ఉంది. అరుగెక్కి పడుకుంటోంది. కళ్లు మూసుకుని హాయిగా దీపం కింద ఉంటుంది. పొద్దున్న చూసినా కళ్లు మూసుకునే, మధ్యాహ్నం చూసినా అంతే. తపస్సు చేసుకునే మునిలా కళ్లు తెరవదు. తిండి కాస్త తగ్గించింది, చలికాలం కదా, అదీ మంచిదే.

నువ్వు దాని గురించి దిగులు పెట్టుకోకు. నీ పని చూసుకో. రోజుకి మూడువందల బస్సులంటే మాటలా. గొంతు జాగ్రత్త, వేడినీళ్లు తాగుతూ ఉండు.

మీ నాన్న


బస్టాండు విచారణ గది
నవంబరు 28

నాన్నగారికి,

గుండ్రాయి ఎండ కాచుకునేటప్పుడు కళ్లు మూసుకోదు. మెడ పూర్తిగా బయటికి చాపుతుంది. వెనక కాళ్లు రెండూ వెనక్కి బార్లా చాపి, వేళ్లు విప్పి పెడుతుంది. ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. అమ్మ దాన్ని చూసి, ఈత కొట్టబోయి మరిచిపోయింది అనేది. అరుగెక్కిన తాబేలు గురించి రెండు పేజీలు రాసినవాళ్లు ఆ కాళ్ల సంగతి రాయకుండా ఉండలేరు. మీరు రాయలేదు. కళ్లు మూసుకుందని మాత్రం మూడుసార్లు రాశారు.

దాని కళ్లు వాచాయి. అవునా? అది అరుగు ఎక్కలేదు. మీరే ఎత్తి పెడుతున్నారు.

మీకు ఒకటి చెప్పాలి. ఇన్నాళ్లూ చెప్పలేదు, మీకు తెలుసనుకున్నాను.

ఆ రోజు ఆసుపత్రి నుంచి మీకు కబురు పంపింది నేనే. కరెంటాయన తిరిగొచ్చి, "మీ నాన్న స్లాబు మీద ఉన్నాడు, వస్తున్నా అన్నాడు" అన్నాడు. అప్పుడు పదకొండైంది. ఆ మాట అమ్మకి చెప్పాను. అమ్మ పన్నెండింటికి అడిగింది. బయల్దేరాడు అన్నాను. ఒంటిగంటకి అడిగింది. దార్లో ఉన్నాడు అన్నాను. తరవాత మాట్లాడలేక తలుపు వైపు చూసేది, నేను అదే మాట చెప్పేదాన్ని. రెండింటికి పోయింది. నువ్వు రాలేదు. ఆరు దాటాక కాళ్లకి సిమెంటుతో వచ్చి నిలబడ్డావు.

రావలసిన బస్సు రాకపోతే, కొద్ది ఆలస్యంగా నడుస్తోంది, కాసేపట్లో వస్తుంది అని చెప్పడమే నా ఉద్యోగం. అది ఆ రోజే నేర్చుకున్నాను. అమ్మకి అబద్ధం చెప్పింది నేను. చెప్పించింది మీరు.

ఉన్నది ఉన్నట్టు రాయండి. లేకపోతే రాయకండి.

కూతురు


ఇల్లు
డిసెంబరు 4

అమ్మా,

నువ్వు రాసింది నిజం. దాని కళ్లు వాచాయి.

నాలుగో రోజే దింపాను. ఎందుకంటే తరవాతి ఉత్తరంలో గుండ్రాయి అరుగెక్కిందని నీకు రాయాలని. ఇంకో కారణం లేదు. ఇల్లు కట్టించుకునేవాళ్లు తొందరపెడితే, నీళ్లు పట్టకుండా ఏదీ అప్పజెప్పను పొమ్మని ఎంతమందిని కసిరానో. పచ్చి సిమెంటు మాలులో చేతులు పెట్టి నా వేళ్లు ఎన్నిసార్లు పుళ్లు పడ్డాయో నాకు తెలియదా. తెలుసు. నీకు కబురు రాయాలన్న సంబరంలో తెలిసిందంతా పక్కన పెట్టేశాను.

రెండు రోజులకి రెప్పలు ఉబ్బిపోయి రెండు శెనగగింజల్లా మూసుకుపోయాయి. తిండి మానేసింది. ముందు కాళ్లతో కళ్లు రుద్దుకుంటూ ఉండేది. అది చూస్తూ ఆ ఉత్తరం రాశాను. రాజాలా ఉందని రాశాను. రాసేటప్పుడు అబద్ధం రాస్తున్నానని అనిపించలేదు తల్లీ, రేపటికి అలా అయిపోతుందిలే, కాస్త ముందుగా రాస్తున్నాను అంతే అనిపించింది.

నీ ఉత్తరం వచ్చిన రోజే బుట్టలో పెట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఏం పని చేస్తారు అని అడిగాడు. తాపీ పని అన్నాను. "మేస్త్రి అయ్యుండి నీళ్లు పట్టకుండా ఇల్లు అప్పగించారా" అన్నాడు. మందు ఇచ్చాడు, రోజుకి రెండు పూటలా రాయాలి. కుడి కన్ను వస్తుందన్నాడు. ఎడమ కన్ను సంగతి చెప్పలేనన్నాడు. ఇంటికొచ్చి అరుగు పగలగొట్టాను. బాగా కట్టాను, పగలడానికి ఒక పూట పట్టింది.

ఇప్పుడు రెండోది. నువ్వు అడగలేదు, కానీ ఉన్నది ఉన్నట్టు రాయమన్నావు.

స్లాబు మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదు, ఆపిన చోట అతుకు పడుతుంది, తరవాత ఎన్నేళ్లయినా అక్కడ కారుతుంది. ఇది నిజం. నిన్ను ఆసుపత్రి వరండాలో చూసినప్పుడు ఇదే చెప్పాను. అందరికీ ఇదే చెప్పాను. పనంటే అంత భక్తి అని నలుగురూ అన్నారు, నేను కాదనలేదు.

కానీ ఆ రోజు పైన నాతోబాటు ఇంకో ఇద్దరు మేస్త్రీలు ఉన్నారు. కరెంటాయన కింద నుంచి అరవగానే వాళ్లలో పెద్దాయన, "నువ్వు దిగవయ్యా, మేం చూసుకుంటాం" అన్నాడు. ఈ ముక్క తొమ్మిదేళ్లలో ఎవరికీ చెప్పలేదు. ఇదిగో వస్తున్నా అని కిందికి కేకేసి, మళ్లీ తాపీ అందుకున్నాను.

భయమమ్మా. పైన ఉన్నంతసేపు అది కబురే. దిగితే నిజమవుతుంది. ఇంకో బారెడు, ఇంకో బారెడు అనుకుంటూ మట్టం చూసుకుంటూ సాయంత్రం చేశాను. ఆ స్లాబు ఇప్పటికీ చుక్క కారలేదు. ఆ వీధిలోంచి వెళ్లను నేను.

మీ అమ్మ అడిగిందని, నువ్వు బయల్దేరాడని చెప్పావని నాకు తెలియదు. ఇప్పుడు తెలిసింది.

ఇంకొకటి కూడా ఉంది, అదీ రాసేస్తాను. నెలకోసారి, రెండో ఆదివారం, నేను మీ బస్టాండుకి వచ్చేవాణ్ని. మూడు గంటల దారి. నాలుగో నంబరు దగ్గర బెంచీ మీద కూచుని నీ గొంతు వినేవాణ్ని. "ప్రయాణికులకు విజ్ఞప్తి" అని నువ్వు మొదలెట్టగానే చుట్టూ అందరూ సామాన్లు సర్దుకునేవాళ్లు, నేను మాత్రం కదిలేవాణ్ని కాదు. చివర ఊరి పేరు చెప్పేముందు చిన్నగా ఆగుతావు. ఆ ఆగడం మీ అమ్మది. విచారణ గది అద్దం వైపు ఎప్పుడూ రాలేదు. రెండు టీలు తాగి, మధ్యాహ్నం బస్సుకి తిరిగొచ్చేసేవాణ్ని.

ఆగస్టు నుంచి ఆ గొంతు నీది కాదు. మూడుసార్లు వచ్చాను, మూడుసార్లూ ఎవరో కొత్తమ్మాయి. అందుకే మొదటి ఉత్తరం చూసి కుర్చీ లాక్కుని కూచున్నాను. సంతోషమే, కాదనను. బతికే ఉందన్న సంతోషం. గొంతు జాగ్రత్త అని ఊరికే రాయలేదు. అడిగితే మళ్లీ రాయవేమోనని అడగలేదు. ఇప్పుడూ అడగడం లేదు.

నీ ఉత్తరంలో ఒక్కచోట "నువ్వు రాలేదు" అని రాశావు. ఆ వాక్యం చాలాసార్లు చదివాను. తిట్టడానికైనా నువ్వు అన్నావు.

నాన్న


ఆసుపత్రి, మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం
డిసెంబరు 18

నాన్నా,

పైన చూశావుగా, ఎక్కడినుంచి రాస్తున్నానో. అక్టోబరు చివర్లో ఇక్కడికి వచ్చాను. విచారణ గది అని రాసింది అబద్ధం. నీ ఉత్తరాలు అక్కడి అటెండరు తెచ్చిస్తున్నాడు. నువ్వొక్కడివే కాదు ముందుగా రాసేసింది.

గొంతులో గడ్డ. జులైలో బొంగురు అనుకున్నాను, ఆగస్టులో మైకు ముందు గాలి తప్ప మాట రాలేదు. ఫోన్ వద్దన్నది కోపంతోనే అనుకుని ఉంటావు. కొంత కోపమే. మిగతాది, మాట్లాడాలంటే గొంతు లేదు. మందులతో గడ్డ కొంత తగ్గాక కోసి తీస్తారట. తీశాక గొంతు ఉంటుందో పోతుందో లోపల చూస్తే గానీ చెప్పలేమంటున్నారు. మిగతా సంగతులు కూడా లోపల చూస్తే గానీ చెప్పరు.

ఇక్కడ పదింటికి ఎండ నా మంచం మీదికి వస్తుంది. పదకొండుకి పక్కావిడ మంచం మీదికి జరిగిపోతుంది. ఆవిడ బట్టల కొట్లో గుమాస్తా, ఊరుకునే రకం కాదు. "నీ వంతు అయింది, ఇక నాది, కాళ్లు తీసుకో" అంటుంది. నిన్న తన వంతులో పావుగంట నాకిచ్చింది. తీసుకోనంటే తిట్టింది. నేను పలక మీద రాసి తిట్టాను. నా అక్షరాలు బాగాలేవని మళ్లీ తిట్టింది.

నాలుగో నంబరు బెంచీ అద్దంలోంచి కనపడుతుంది నాన్నా. అడ్డంగా స్తంభం ఉంది, సగమే కనపడుతుంది. ఆ సగంలో ఎప్పుడూ ఎవరివో మోకాళ్లు కనపడేవి. అన్నీ ఒకేలా ఉంటాయి. వాటిలో నీవి ఏవో నాకు తెలియదు. తెలిస్తే బయటికి వచ్చేదాన్నో లేదో కూడా తెలియదు. వచ్చేదాన్నని రాస్తే బాగుంటుంది. కానీ ఉన్నది ఉన్నట్టు రాయాలని పెట్టుకున్నాం కదా.

ఆ పెద్దమేస్త్రి అన్న మాట గురించి నేను ఇంకా ఏమీ అనలేను. అమ్మ ఉంటే ఏదో ఒకటి అని తేల్చేసేది. నాకు చేతకావడం లేదు.

ఎడమ కన్ను ఎలా ఉంది?

కూతురు


ఇల్లు, తొట్టి పక్కన
డిసెంబరు 24

చిట్టితల్లీ,

ఎడమ కన్ను తెరవలేదు. కుడి కన్ను సగం తెరిచింది. మొన్న ఆకుకూర ముక్క మూతి దగ్గర పెడితే వాసన చూసి వదిలేసింది, నిన్న కొరికింది, మింగలేదు. ఇవాళ మింగింది. ఒక్క ముక్క.

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు నేను ఏ పనీ చెయ్యలేదు. మందు మాత్రం రాశాను. దాని గురించి ఎక్కువ రాయను, నీకు బరువు.

కొత్త అరుగు కట్టాను. సిమెంటు లేదు. పాత భవనం కూల్చిన చోట గచ్చుకి పరిచిన పలకరాళ్లు పడేసి ఉంటే తెచ్చి, వారం రోజులు కడిగి, ఒకదాని మీద ఒకటి పేర్చాను. వెడల్పువి కింద, చిన్నవి పైన, మెట్లు మెట్లుగా. మాలు లేకుండా నేను కట్టిన మొదటి పని ఇది. దాని బరువే దాన్ని పట్టి ఉంచుతుంది. ముందు పెరట్లో పేర్చి పైన నేనే కూచుని చూశాను. కరెంటాయన గోడ మీంచి చూసి, "దీపం కూడా వెయ్యమంటావా" అన్నాడు. ఒక్క రాయీ కదల్లేదు. అప్పుడు విడదీసి, అదే వరసలో తొట్టిలో పేర్చాను. సందుల్లో వేళ్లు పెట్టి ఒక్కొక్కటీ తడిమాను.

గుండ్రాయి దాని పక్కనుంచి రెండుసార్లు వెళ్లింది. ఎక్కలేదు. నేను ఎత్తి పెట్టడం లేదు. రోజూ గంటసేపు పొడి గుడ్డ మీద పెట్టి దీపం వేస్తున్నాను, నువ్వు మొదట్లో చెప్పినట్టు.

పక్కావిడకి నా నమస్కారాలు. ఆ పావుగంటకి ఆవిడకి ఏ ఇల్లు కావాలంటే ఆ ఇల్లు కట్టిపెడతానని చెప్పు. నీళ్లు పట్టి మరీ.

నాన్న


ఆసుపత్రి, మూడో అంతస్తు
జనవరి 7

నాన్నా,

పన్నెండో తారీఖు ఉదయం తొమ్మిదింటికి కోస్తారు. పక్కావిడ మొన్న వెళ్లిపోయింది. ఇంటికి కాదు. ఇప్పుడు పదకొండు తరవాత ఆ మంచం మీద ఎండ ఊరికే పడి ఉంటోంది.

నిన్ను రమ్మని రాయడం లేదు. వద్దనీ రాయడం లేదు. ఒక్కటే అడుగుతున్నాను. వస్తున్నా అని మాత్రం రాయకు. ఆ మాట పట్టుకుని తలుపు వైపు చూస్తూ ఉండలేను.

గుండ్రాయి ఎక్కిందా?

కూతురు


ఆసుపత్రి, కింది అంతస్తు, మెట్ల పక్క బెంచీ
జనవరి 12, ఉదయం

చిట్టితల్లీ,

వస్తున్నా అని రాయలేదు. వచ్చాక రాస్తున్నాను.

నిన్న మధ్యాహ్నమే వచ్చాను. పైకి రానివ్వలేదు, చూసే వేళ అయిపోయిందన్నారు. గొడవ పెట్టుకోలేదు. ఈ బెంచీ మీదనుంచి మెట్లు కనపడతాయి, లిఫ్టు తలుపు కనపడుతుంది, నిన్ను ఎటు తీసుకెళ్లినా ఇటే తీసుకెళ్లాలి. అడిగి తెలుసుకున్నాను. ఇక్కడ స్తంభం అడ్డం లేదు, మోకాళ్లు కాదు, మనిషిని మొత్తం కనపడతాను. ముదురు నీలం స్వెట్టరు.

మీ బస్టాండులోనే దిగాను. కొత్తమ్మాయి బాగానే చెబుతోంది. నాలుగో నంబరు దగ్గర కూచోలేదు, నేరుగా ఇటే వచ్చాను. అక్కడ నాకిప్పుడు పనిలేదు.

గొంతు ఉంటే వింటాను. పోతే పలక ఉంది, నీ అక్షరాలు నాకు బాగానే ఉంటాయి. మన ఇద్దరికీ సరిపడా మాట్లాడడం నాకు చేతవును, కరెంటాయన్ని అడుగు. తొట్టి ఆయనకి అప్పగించాను. ఎనిమిదింటికి దీపం వెయ్యాలి, ఆరింటికి తియ్యాలి, కుడి కంటికీ ఎడమ కంటికీ మందు. "జీవితమంతా కరెంటు పని చేస్తే చివరికి తాబేలుకి దీపం పెట్టే పని దక్కింది" అన్నాడు. కానీ టైము కాగితం మీద రాయించుకుని గోడకి అంటించుకున్నాడు.

ఈ చీటీ పైకి తీసుకెళ్లడానికి ఆయా ఒప్పుకుంది. ఎనిమిదిన్నర లోపల ఇస్తానంది. లోపలికి తీసుకెళ్లేటప్పుడు నువ్వు తలుపు వైపు చూడక్కర్లేదు. నేను తలుపుకి ఇవతలే ఉన్నాను. ఎంతసేపైనా ఇక్కడే ఉంటాను, ఎవరు దేనికి పిలిచినా లేవను.

నువ్వు అడిగినదానికి జవాబు. నిన్న పొద్దున బయల్దేరే ముందు చూశాను. గుండ్రాయి అరుగు దగ్గరికి ఈదుకుంటూ వచ్చింది. కుడి కంటితో చాలాసేపు చూసింది. కింది రాయి మీద ముందు కాలు ఒకటి పెట్టింది. తరవాత ఆ కాలు తీసేసి వెనక్కి వెళ్లిపోయింది.

ఎక్కిందని రాస్తే నీకు ఈ పూట ఎంత బాగుంటుందో నాకు తెలుసు. కలం పట్టుకుని చాలాసేపు కూచున్నాను. ఎక్కలేదమ్మా. ఒక్క కాలే పెట్టింది.

నాన్న